విద్యార్థుల భవనంలోనే కాపురం: హాల్ డైరెక్టర్‌గా నా తొలి ఏడాది

అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులుండే వసతి భవనానికి పూర్తి బాధ్యత వహిస్తూ, అదే భవనంలోని ఒక ఫ్లాట్‌లో నివసించే ఉద్యోగిని హాల్ డైరెక్టర్ అంటారు. మన దగ్గరి హాస్టల్ వార్డెన్‌తో పోల్చవచ్చు గానీ, మన వార్డెన్లు చాలా చోట్ల పాఠాలు చెబుతూనే ఈ భారాన్ని అదనంగా మోస్తారు. ఇక్కడ ఇది పూర్తికాలపు వృత్తి, దీనికి సాధారణంగా విద్యార్థి వ్యవహారాల్లోనో ఉన్నత విద్యా పరిపాలనలోనో మాస్టర్స్ అడుగుతారు. హైదరాబాదులో డిగ్రీ పూర్తిచేసి ఆ చదువు కోసమే ఇక్కడికి వచ్చిన నాకు, చదువుకుంటున్న రోజుల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా ఒక వసతి భవనంలో పనిచేసిన అనుభవం తప్ప చేతిలో మరేమీ లేదు. బంధువుల్లో ఇప్పటికీ కొందరు నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నానని అనుకుంటున్నారు, నేనూ అందరికీ విడమరచి చెప్పలేక ఊరుకున్నాను.

ఈ ఉద్యోగాల వేట శీతకాలం చివర్లో మొదలవుతుంది. ముందు వీడియోలో మాట్లాడతారు, నచ్చితే క్యాంపస్‌కు పిలిచి రోజంతా కూర్చోబెడతారు. ఆ రోజు అధికారులతో పాటు విద్యార్థులు కూడా మనల్ని ప్రశ్నిస్తారు, మధ్యాహ్న భోజనం కూడా పరీక్షలో భాగమే. నాకు అసలు చిక్కు ప్రశ్నల దగ్గర రాలేదు, వీసా దగ్గర వచ్చింది. చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు నాలాంటి వారికి పన్నెండు నెలలే. సైన్సు, సాంకేతిక కోర్సుల వారికి దొరికే 24 నెలల పొడిగింపు మా చదువుకు వర్తించదు. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసాకు ఏటా ఉండే 65,000 పరిమితి, లాటరీ విశ్వవిద్యాలయాలకు లేవన్నది నిజమే గానీ, హాల్ డైరెక్టర్ స్థాయి ఉద్యోగానికి వీసా పెట్టడానికి చాలా సంస్థలు ఇష్టపడవు. అందువల్ల మొదటి సంభాషణలోనే ఆ మాట అడగడం అలవాటు చేసుకున్నాను. కొన్ని చోట్ల ఫోన్ అంతటితో ముగిసింది. చివరకు మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒప్పుకుంది.

జీతం తక్కువే. దానికి తోడు ఫ్లాట్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, భోజనశాలలో తిండి ఇస్తారు. ఉద్యోగ షరతుగా యజమాని ఆవరణలోనే ఉండవలసి వచ్చినప్పుడు ఆ వసతి విలువను ఆదాయంగా లెక్కించి పన్ను వేయరు కాబట్టి, కాగితం మీద కనిపించే జీతం కన్నా చేతికి మిగిలేది మెరుగ్గానే ఉంటుంది.

ఆగస్టులో విద్యార్థులు రాకముందే ఆర్ఏలు వస్తారు. రెసిడెంట్ అసిస్టెంట్లని పిలిచే వీరు కూడా విద్యార్థులే, ఒక్కొక్కరు ఒక్కో అంతస్తును చూసుకుంటారు, వారి మీద పర్యవేక్షణ నాది. వారికిచ్చే శిక్షణలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. పాత ఆర్ఏలు గదుల్లోకి వెళ్లి తలుపులు వేసుకుని నాటకమాడతారు: ఒక గదిలో తాగి పడిపోయిన స్నేహితుడు, మరో గదిలో చనిపోవాలని ఉందంటూ ఏడుస్తున్న అమ్మాయి, ఇంకో గదిలో గొడవపడుతున్న జంట. లోపల ఏముందో తెలియకుండా కొత్తవారు వెళ్లి తలుపు తట్టాలి. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు తలుపు ముందు నిలబడి, చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, తన పేరు చెప్పుకుని, మూడోసారి తట్టే ముందు నా వైపు తిరిగి చూసిన చూపు చాలు, ఈ పని ఎంతటిదో తెలియడానికి. తాగినవాడి గదిలో నేర్పేది ఒక్కటే: ముందు అంబులెన్సు, తర్వాతే నియమోల్లంఘన సంగతి. మద్యానికి చట్టబద్ధమైన వయసు 21 ఏళ్లు గనుక, శిక్షకు భయపడి స్నేహితులు సాయం అడగకుండా దాచిపెట్టడమే అక్కడ అసలు ప్రమాదం.

నియమాల పట్టికను మొదట చూసినప్పుడు ఇది పిల్లల్ని కాపాడడం కోసమా, సంస్థ తన్ను తాను కాపాడుకోవడం కోసమా అన్న అనుమానం నాకూ కలిగింది. శిక్షణలో ఒక్కో నియమం ఎక్కడ పుట్టిందో విన్నాక ఆ అనుమానం చాలావరకు తీరింది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే మొదటి సంవత్సరం విద్యార్థిని తన గదిలోనే హత్యకు గురైంది. హంతకుడు లోపలికి రాగలగడానికి కారణం, విద్యార్థులు తమ సౌకర్యం కోసం తలుపులు మూతపడకుండా అడ్డం పెట్టి వదిలేయడం. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో వచ్చిన చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ ఆవరణలో జరిగే నేరాల లెక్కలు ఏటా బయటపెట్టాలి. మా భవనం పక్క తలుపుకు ఎవరో ఒకరు పిజ్జా పెట్టె అడ్డం పెడుతూనే ఉంటారు. ఆ పెట్టె తీసిన ప్రతిసారీ నాకు ఆ అమ్మాయి గుర్తుకొస్తుంది, తీయమని ఆర్ఏలకు చెప్పేటప్పుడు ఆమె కథ కూడా చెబుతాను.

ఫైర్ అలారం సంగతీ ఇంతే. మైక్రోవేవ్‌లో నీళ్లు పోయకుండా నూడుల్స్ కప్పు పెట్టేసేవారు ప్రతి సెమిస్టరులోనూ ఉంటారు. జనవరి అర్ధరాత్రి, సున్నాకు ఎంతో దిగువన ఉన్న చలిలో, దుప్పట్లు కప్పుకుని హవాయి చెప్పులతో మంచులో నిలబడిన వందలాది మంది నన్ను చూసే చూపు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అయినా ఒక్కరిని కూడా లోపల ఉండనివ్వను. 2000 జనవరిలో న్యూజెర్సీలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయపు వసతి భవనంలో మంటలు రేగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అంతకుముందు ఎన్నో దొంగ అలారాలు మోగి ఉండడంతో, ఆ రాత్రి కూడా అలాంటిదేలే అని చాలామంది వెంటనే లేవలేదు. నా వంటింట్లో నేను పోపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, పొగ పసిగట్టే పరికరం వైపు ఒక కన్ను వేసి ఉంచుతాను. హాల్ డైరెక్టర్ ఇంటి పోపు వల్ల భవనమంతా ఖాళీ అయిందన్న పేరు నాకు అక్కర్లేదు.

గదిలో కలిసి ఉండేవారి తగవులు రోజువారీ పని. సెప్టెంబరులోనే ఇద్దరి చేతా ఒప్పంద పత్రం రాయిస్తాము: దీపం ఎప్పుడు ఆర్పాలి, అతిథులు ఎంతసేపు ఉండవచ్చు, ఒకరి తిండి మరొకరు తినవచ్చా లేదా. తగవు వచ్చినప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకునే మాట్లాడిస్తాము. తొమ్మిది సార్లు అలారం ఆపి పడుకునేవారి పక్క మంచం మీద బతకడం ఎంత నరకమో నాకు అక్కడే తెలిసింది.

అన్నిటికన్నా కష్టమనిపించినది తెలుగు తల్లిదండ్రుల ఫోన్లు. ఒక రాత్రి ఖమ్మం వైపు నుంచి ఒకాయన చేశారు. "అమ్మా, మా పాప రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. మీరు తెలుగువాళ్లేనని ఎవరో చెబితే ధైర్యం చేసి చేశాను. ఒక్కసారి గదికి వెళ్లి చూసి, ఎలా ఉందో చెప్పమ్మా, చాలు." విద్యార్థి సమాచార గోప్యతకు 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ఉంది. విశ్వవిద్యాలయంలో చేరాక ఆ సమాచారం మీద హక్కు విద్యార్థిదే, ఫీజు కట్టే తండ్రిది కాదు. ప్రాణాపాయం వంటి అత్యవసర పరిస్థితికి మినహాయింపు ఉంది. ఆయన గొంతు వింటూ చట్టం పేరు ఎలా చెప్పగలను? "అంకుల్, నేను ఇప్పుడే వెళ్లి చూస్తాను. మీకు ఫోన్ చేయమని తనకు చెబుతాను. మిగతా సంగతులు తనే చెప్పాలి, నేను చెప్పకూడదు" అన్నాను. డ్యూటీలో ఉన్న ఆర్ఏను తీసుకుని వెళ్లి తలుపు తట్టాను, ఎవరమో చెప్పాను, మళ్లీ తట్టాను. తాళంచెవితో తెరవాల్సిన అవసరం రాలేదు. ఆ అమ్మాయి తలుపు తీసింది, నేను నేరుగా తెలుగులో మాట్లాడేసరికి తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకు ఫోన్ ఎత్తలేదో ఆ తండ్రికి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసింది, వారం తిరగకముందే కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లింది.

అలాగని విద్యార్థులు నాతో చెప్పేదంతా నా కడుపులోనే దాచుకోలేను. లైంగిక వేధింపు గురించి విన్న వెంటనే దాన్ని చూసే కార్యాలయానికి తెలియజేయవలసిన బాధ్యత మా విశ్వవిద్యాలయంలో నా మీద ఉంది. కాబట్టి ఎవరైనా గొంతు తగ్గించి "అక్కా, ఒక విషయం" అన్నట్టు మొదలుపెట్టగానే, ముందు ఆ మాట చెప్పి, రహస్యంగా ఉంచగల కౌన్సెలర్ ఎక్కడున్నారో కూడా చెబుతాను. మాట మధ్యలో ఆపడం మర్యాద కాదనిపిస్తుంది, అయినా ఆపుతాను. రాత్రి జరిగిన ప్రతిదానికీ తెల్లవారేలోగా నివేదిక రాయాలి, అందులో నా అభిప్రాయం కాదు, చూసినదీ విన్నదీ మాత్రమే ఉండాలి. "మత్తులో ఉన్నాడు" అని రాయరు, "మాట తడబడింది, గోడ పట్టుకుని నడిచాడు" అని రాస్తారు.

మే నెలలో గదులు ఖాళీ చేయించడం, గోడల మీద మచ్చలు లెక్కపెట్టడం, తాళాలు సరిచూడడం ఇంకో పెద్ద తంతు, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వేసవిలో నా హెచ్‌1బీ వచ్చింది, మరో ఏడాదికి ఒప్పందం మీద సంతకం పెట్టాను.

ఈ దారిలోకి రావాలనుకునే మన పిల్లలు నన్ను అడుగుతుంటారు. సంతకం పెట్టే ముందు వీసా మాట, నెలలో ఎన్ని రాత్రులు అత్యవసర పిలుపులు వచ్చే డ్యూటీ ఫోన్ మన దగ్గర ఉంటుందన్న మాట, శీతకాలపు సెలవుల్లో భవనం మూసినప్పుడు మనం ఉండవచ్చా లేదా అన్న మాట రాతపూర్వకంగా అడగండి. ముఖ్యంగా, ఉద్యోగం పోతే ఇంటిని ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో అడగండి. హెచ్‌1బీ మీద ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది గరిష్ఠంగా 60 రోజులు, ఆ రోజుల్లో అద్దె ఇల్లు కూడా వెతుక్కోవలసి వస్తుంది.