సచిన్ కార్డు రావాలంటే ఎన్ని గమ్ములు కొనాలి?

మన పదో క్లాసు బ్యాచ్ సావనీర్‌కి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు గ్రూపులో రోజూ ప్రాణం తీస్తా ఉన్నారు, అందరికంటే ఎక్కువ రేడియోగాడు, వాడు మాత్రం ఒక్క ముక్క రాయడంట. సరే, ఎనిమిదీ తొమ్మిదీ సంగతి ఎవరన్నా చూసుకోండి, నాకు మాత్రం 97-98లో లెక్కల సారూ, బబుల్ గమ్ కార్డులే గుర్తున్నాయి.

గమ్ముకో క్రికెట్ కార్డు. క్లాసంతా రాబిన్ సింగులే, సచిన్ ఒక్క గుండుగాడి దగ్గరే ఉండేది, దానికి వాడు అడిగిన రేటు మీకందరికీ తెలుసు! ఇంటర్వెల్లో బేరాలు ముదిరి అరుపులైతే సారొచ్చి కట్టలన్నీ లాక్కున్నారు. బెత్తం తీస్తారనుకుంటే కార్డులు టేబుల్ మీద పరిచి "ఏందబ్బయ్యా, సెట్టుకి యాభై అనుకుందాం, అన్నీ రావాలంటే ఎన్ని గమ్ములు కొనాలంటావ్?" అన్నారు. యాభయ్యే అన్నాడు పొట్టి. ఆడపిల్లల బెంచీ వంద అంది.

అంతే, సైన్స్ ఫెయిర్‌కి అదే ప్రాజెక్టయింది. 1 నుంచి 50 దాకా చీటీలు రాసి డాల్డా డబ్బాలో వేసి, ఒకటి తీసి టిక్కు పెట్టి, మళ్ళీ అందులోనే వేసి కుదపడం, సాయంత్రాలన్నీ ఇదే పని. చెమట చేతులకి 37 చీటీ ఇంకు కారి 31 లాగా అయిపోతే దాని మీద ఎంత గొడవో! సగం సెట్టు చకచకా వచ్చేది, మిగతా సగానికే ప్రాణం పోయేది. తర్వాత సారు, ఇంకా 49 కార్డులు రావాల్సి ఉంటే కొత్తదొకటి రావడానికి సగటున 50/49 గమ్ములు పడతాయని చెప్పి, బోర్డు మీద 50/50, 50/49 అని మొదలుపెట్టి 50/1 దాకా రాశారు. కింది అంకె ఒక్కొక్కటే తగ్గే మన హరాత్మక శ్రేఢే, దాని మొత్తం కట్టడానికి సూత్రం లేదు కూర్చుని కూడండ్రా అన్నారు. సగటున 225 గమ్ములు తేలింది. మొదటి 25 కార్డులకి 34 చాలు, చివరి ఒక్క కార్డుకే 50 కావాలి, అదీ కంపెనీవాడు అన్నీ సమానంగా వేస్తేనే. "అందుకే రా మీరు మార్చుకునేది, కొనలేక" అన్నారు సారు.

చార్టులు చుట్టుకుని పాసింజర్లో నెల్లూరు పోయాం. బిట్రగుంటలో జరిగింది ఇక్కడ రాయను. ప్రైజు కన్సొలేషనే, ఒక జడ్జి ఇది జూదం కదా అన్నాడు కూడా.

ఇప్పుడు నేను చెన్నైలో ఇన్సూరెన్సు కంపెనీలో ప్రీమియం లెక్కలే వేస్తా ఉండా, అంటే జీతమిచ్చి ఆ డబ్బానే కుదపమంటున్నారు. మావాడికి పోకెమాన్ కార్డుల ఆట పిచ్చి, 60 కార్డుల డెక్కులో ఒకే కార్డు నాలుగు పెట్టుకుంటే మొదట చేతికొచ్చే ఏడింటిలో ఒకటన్నా వచ్చే ఛాన్సు ఎంత నాన్నా అన్నాడు. 40 శాతం అని కాగితం మీద వేసి చూపించా. ఇట్టా కార్డులు కొని, మార్చుకుని ఆడే ట్రేడింగ్ కార్డ్ గేములకి దారి వేసిన మ్యాజిక్ ది గ్యాదరింగ్ 1993లో వచ్చింది, దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల్లో డాక్టరేటు, ఇది ఆ జడ్జి గారికి ఎవరన్నా చెప్పండి.

యాడ్ డబ్బులు పంపించేశా. హాఫ్ పేజీ చాలు, ఫొటో మాత్రం ఇప్పటిదే వెయ్యండి, ఆ పదో క్లాసు గ్రూప్ ఫొటోలోది వేస్తే రేడియోని ఊరుకోను.