గ్రహాల ప్రాజెక్టు: శుక్రుడి దగ్గర పరువు పోయింది (నా అనుభవం)

ఎనిమిదో తరగతి సౌరకుటుంబం చార్టు ఇవాళ పొద్దున స్కూల్లో ఇచ్చేశాం. వేళ్లకు ఫెవికాల్ ఇంకా వదల్లేదు.

సమాచారం తేలిగ్గానే దొరికింది. కాకపోతే ఫోన్లో "శని గ్రహం" అని కొడితే ఏలినాటి శనీ, నువ్వుల నూనె దీపాలూ వచ్చి పడతాయి. "శని వలయాలు ఉపగ్రహాలు" అని కొట్టండి. ఉపగ్రహాల లెక్క పక్కన సంవత్సరం కూడా వేయండి. పాత పుస్తకాల్లో శనికి 62 అని ఉంటుంది, 2025 మార్చికి అవి 274.

శుక్రుడి దగ్గరే తల దించుకోవాల్సి వచ్చింది. వెతకగానే ముందు కనిపించే బొమ్మ, నిప్పు కణికలా నారింజ రంగుది, అదే అంటించాం. "ఇది ఏ కెమెరాతో తీశారు?" అన్నారు సైన్స్ సార్. నోట మాట రాలేదు. అసలది కెమెరా ఫొటో కానే కాదు. శుక్రుణ్ణి దట్టమైన మబ్బులు పూర్తిగా కప్పేసి ఉంటాయి, మామూలు కెమెరాకు పైనుంచి నేల కనబడదు. 1990-94 మధ్య నాసా అంతరిక్ష నౌక మెజెల్లాన్, రాడార్‌తో (అంటే రేడియో తరంగాలతో) నేలను పసిగట్టగా తయారైన పటం అది. రాడార్‌కు రంగులు తెలియవు. 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌకలు వెనెరా 13, 14 పంపిన ఫొటోలను బట్టి ఆ నారింజ పూశారు. కంటికి కనిపించే శుక్రుడు మీగడ రంగులో ఉంటాడు. ఆ బొమ్మ కావాలంటే 1974లో మారినర్ 10 నౌక తీసింది వెతకండి.

నెప్ట్యూన్‌దీ ఇదే తంతు. వాయేజర్ 2 నౌక తీసిన బొమ్మల్లోని ముదురు నీలం, మబ్బుల చారలు తేలడానికి పెంచిన రంగు. నిజానికి అది దాదాపు యురేనస్‌లాగే లేత రంగుదని 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కగట్టి చూపించారు. ప్రతి బొమ్మ కింద నౌక పేరు, సంవత్సరం, అసలు రంగా పూసిన రంగా అన్నది రాసేస్తే ఏ సారూ ఏమీ అనలేరు. నాసా బొమ్మలకు పీఐఏ (PIA) అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది, అదీ రాసిపెట్టుకోండి. కుజుడికి మాత్రం నాసా దాకా ఎందుకు? శ్రీహరికోట నుంచి 2013లో వెళ్లిన మన మంగళయాన్ తీసిన నిండు బింబం ఉంది.

ప్రింటుకు సెంటీమీటరుకు 120 పిక్సెళ్లు చూసుకోండి. 11 సెం.మీ. గురుడికి అడ్డంగా 1320 పిక్సెళ్లైనా ఉండాలి. బొమ్మను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. నల్ల బ్యాక్‌గ్రౌండు తీసేయించండి, లేకపోతే ఇంకు పీల్చుకుని కాగితం ముడతలు పడుతుంది.

భూమి 1 సెం.మీ. అనుకుంటే శని గోళం 9.5, యురేనస్ 4. నెట్ సెంటరు అబ్బాయి వలయాలతో కలిపి బొమ్మ మొత్తాన్ని 9.5కి కుదించాడు. దాంతో శని గోళం యురేనస్ అంతే అయి కూర్చుంది! వలయాల కొస నుంచి కొసకు 21.5 సెం.మీ. రావాలి, ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టించండి. సూర్యుడు 109 సెం.మీ., ఏ చార్టులోనూ పట్టడు. దారానికి 54.5 సెం.మీ. దగ్గర పెన్సిల్ కట్టి, అంచున ఒక వంపు మాత్రం గీసి పసుపు రంగు వేశాం.