లాకు షట్టర్లు బాగు చేయించేసరికి

గోదావరి పశ్చిమ డెల్టాలో మాది కాలువ చివరన ఉండే శివారు ఊరు. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాల ఎన్నికలు జరిగాక అధ్యక్ష పదవి నా నెత్తిన పడింది. దాంతో పాటే మా కాలువ మీది లాకు కూడా.

పడవలు తిరిగిన కాలంలో, వాటిని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించడానికి తలుపులు, తొట్టితో కట్టిన లాకు అది. ఇప్పుడు పడవల్లేవు, తొట్టి నిండా గుర్రపుడెక్క. కానీ దాని పక్కన రెగ్యులేటరు షట్టర్లు దిగితేనే కాలువలో మట్టం లేచి మా బోదెలకు, అంటే చేలకు నీరిచ్చే పిల్లకాలువలకు, నీరెక్కుతుంది. ఒక షట్టరు రాడ్డు మరలు అరిగి సగంలో నిలిచిపోయింది. ఇంకోదాని అడుగు రేకు తుప్పు తినేసింది. దాళ్వాలో, అంటే రబీ వరికి, వంతులు పెట్టినప్పుడు మా వంతు నీరు కళ్లముందే కిందికి పోయేది. ఒకప్పుడు లాకు దగ్గరే కాపురముండి షట్టర్లు చూసుకునే లస్కరు రిటైరయ్యాడు. ఆ పోస్టు అలాగే ఉంది, మనిషి లేడు.

జలవనరుల శాఖ ఇంజినీరు ఏఈ గారు వచ్చి కొలతలు తీసుకుని అంచనా వేశారు. అది పై ఇంజినీర్లు డీఈ, ఈఈల మీదుగా వెళ్లి పరిపాలనా ఆమోదం, ఆపైన సాంకేతిక మంజూరు, తర్వాత టెండరు. ఇదంతా కాలువలు కట్టేసి ఉండే వేసవిలో, మళ్లీ జూన్‌లో నీరు వదిలేలోగా తేలాలి. ‘నిధులు పరిమితం’ అంటూ అంచనా తిరిగొచ్చింది. చూద్దును కదా, గ్రీజు, రంగు మిగిలాయి, రాడ్డు ఎగిరిపోయింది! పడవలు లేవు కదా అని లాకు తలుపులైతే పూర్తిగా కొట్టేశారు. ఆ తలుపుల సందుల్లోంచి కారే నీరు ఎవరి లెక్కలోకీ రాలేదు.

డబ్బు అసలు లేదా అంటే, లెక్క చూడండి. నీటి తీరువా, అంటే నీటి పన్ను, ఎకరాకు సార్వాకు (ఖరీఫ్ వరికి) 200, దాళ్వాకు 150 రూపాయలు. మా సంఘం కింద సుమారు రెండు వేల ఎకరాలు. అంటే ఏడాదికి 7 లక్షలు. 1997 చట్టంతో సంఘాలు పెట్టినప్పుడు అందులో సగం సంఘానికి తిరిగొస్తుందన్నారు. తీరువా ఖజానాకు వెళ్తుంది, వాటా మాత్రం మా ఖాతాకు దారి తప్పింది. ఆ వాటా ఏటా వచ్చుంటే రాడ్డు అరుగుతున్నప్పుడే మార్చేవాళ్లం.

రాడ్డు పోతే పని చేసి లాభం లేదని రాతపూర్వకంగా ఇచ్చాం, దాళ్వాలో ఎండిన చేల ఫొటోలు జతచేశాం. ఎలాగో రాడ్డు తిరిగి అంచనాలోకి వచ్చింది. ఈసారి పని పట్టే మనిషి దొరకలేదు. “పాత బిల్లులే రాలేదండి, కొత్త పని ఏ ధైర్యంతో పట్టమంటారు ప్రెసిడెంటు గారూ?” అన్నాడొకాయన. ఆయన్నేం అనగలం? చివరికి సంఘమే పనికి దిగింది. రైతుల దగ్గర ఎకరానికి ఇంతని చందా వేసి, బిల్లు రాగానే తిరిగిస్తామని పుస్తకంలో రాసుకున్నాం. ఎగువ రైతులు ఇవ్వమన్నారు. వాళ్లకు నీరు ఎలాగూ అందుతుంది.

లేతు షాపులో రాడ్డు తయారైంది, అడుగు రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాం. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు ఒక్కమాట: కాలువలో నీరు వదిలారంటే షట్టరు అడుగు నీళ్లలోనే. అప్పుడు తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికేమీ ఉండదు. అందుకే రేకు కోసేముందు, కోశాక, వేశాక తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఎం బుక్‌లో, అంటే ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు ఎక్కించి, సంతకం పడ్డాకే నీరు రానివ్వండి. మా పక్క సంఘానికి ఇక్కడే చిక్కొచ్చింది.

సార్వాలో షట్టర్లు రెండూ దిగాయి, బోదెలకు నీరెక్కింది. బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కింది కానీ డబ్బు పడలేదు. చందా ఇచ్చినవాళ్లు ఎదురైనప్పుడల్లా అడుగుతున్నారు, అడగాలి కూడా. లాకు తలుపుల అంచనా మాత్రం ఈసారి సంక్రాంతి వెళ్లగానే ఇచ్చేశాను.