టోటల్ లాస్ అన్న కారు షెడ్డులో ఉంది

ఆదివారం రాత్రి

మొన్న గుద్దుకుని నలిగిన మా కారు ముక్కు ఇవాళ తిన్నగా అయింది. పొద్దున నేను రిపేరు షెడ్డుకు వెళ్ళేసరికే అక్కడ బాడీ పని చేసే బాబాయ్ దాన్ని పుల్లింగ్ బెంచి (వంగిన బాడీని గొలుసుతో లాగి తిన్నగా చేసే ఇనుప బల్ల) మీదికి ఎక్కించి, రెండువైపులా తలుపుల కింది అంచులు క్లాంపులతో బిగించేశాడు. బంపరు లేదు, రేడియేటర్ లేదు, ఎడమ ఫెండర్ గోడకి ఆనించి ఉంది. బానెట్ కూడా తీసేసిన కారుని చూస్తే ఎవరికైనా ఇక దీని పని అయిపోయిందనే అనిపిస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన కాగితంలోనూ అదే ఉంది: టోటల్ లాస్.

ఆ కాగితం చూసి ఇంట్లో అందరూ బెంగపడ్డారు. కారు ఇక బాగుపడదని తేల్చేశారేమో అనుకున్నారు. నిజానికి అక్కడ తేలింది డబ్బు లెక్క ఒక్కటే. సర్వేయర్ రిపేరు అంచనాని, ప్రమాదానికి ముందు కారుకి ఉన్న విలువని పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఖర్చు ఆ విలువలో ఇంత వంతు దాటిందంటే రిపేరుకి డబ్బివ్వరు, కారు విలువే లెక్కకట్టి ఇచ్చేస్తారు. ఆ వంతు ఎంతన్నది దేశాన్ని బట్టి, పాలసీని బట్టి మారుతుంది. కారు పాతబడేకొద్దీ దాని విలువ పడిపోతూనే ఉంటుంది కానీ హెడ్‌లైటు ధర మాత్రం పడదు. అందుకే ఇదే దెబ్బ కొత్త కారుకి తగిలితే మారుమాట్లాడకుండా రిపేరు చేయించి ఇచ్చేవారు. మాది పాత కారు కాబట్టి హెడ్‌లైటు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, బానెట్, ముందున్న రెండు ఎయిర్‌బ్యాగులు కలిపేసరికే గీత దాటిపోయింది. బాడీ పని ఇంకా లెక్కలోకి రాకముందే!

కారుని కంపెనీకి వదిలేస్తే పూర్తి విలువ ఇస్తామన్నారు. మేమే ఉంచుకుంటే తుక్కు కింద దానికి వచ్చే ధర తగ్గించి మిగతాది ఇస్తామన్నారు. ఉంచుకున్నాం. చాలామంది ఇది మమకారం అనుకుంటున్నారు. మమకారం లేదని నేను అనను. కానీ అసలు కారణం వేరు. కంపెనీ ఇచ్చే డబ్బుతో ఇంకో పాత కారే వస్తుంది. దాని ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో, టైమింగ్ బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందో లేదో ఎవరు చెబుతారు? మా కారుకి మొదటి సర్వీసు నుంచి ప్రతి బిల్లూ ఫైల్లో ఉంది. ఇంజన్, గేర్‌బాక్స్ దెబ్బ తినలేదు. కింద తుప్పు లేదు. తెలియని కారులో దాగి ఉన్న జబ్బు కన్నా, తెలిసిన కారుకి తగిలిన గాయం నయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా ఆవిడ మాత్రం ఒకే ప్రశ్న వేసింది. "పిల్లల్ని ఇందులో ధైర్యంగా ఎక్కించుకోవచ్చా? అది చెప్పండి చాలు." ఆ ప్రశ్నకి అవునని చెప్పగలిగితేనే ఈ కారు మళ్ళీ రోడ్డెక్కాలి, లేదంటే తుక్కుకే పోవాలి. ఇవాళంతా షెడ్డులో నేను వెతికింది ఆ జవాబు కోసమే.

కారు ముందు భాగం నలిగిపోవడానికే తయారుచేస్తారు. గుద్దుకున్నప్పుడు ఆ తాకిడిని మనుషుల దాకా రానీయకుండా అది నలిగి తనలో కలుపుకుంటుంది, లోపల మనుషులు కూర్చునే భాగం మాత్రం గట్టిగా నిలబడాలి. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బరేన్యి అనే ఇంజనీరు 1951లోనే దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1959లో వచ్చిన వాళ్ళ డబ్ల్యూ111 కారు ఆ పద్ధతిలో తయారైంది. అదే ఏడాది వోల్వోలో నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు పాయింట్ల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. మొన్న మా కారులో ఉన్నవాళ్ళు చిన్న గీరుడు కూడా లేకుండా దిగారంటే ఆ ఇద్దరి పుణ్యమే. నేను ఈ మాట ఊరికే అనడం లేదు, ఆ నలిగిన ఇనుముని ఇవాళ చేత్తో తడిమి చూశాక అంటున్నాను.

కాబట్టి రిపేరు చేసేవాడు మొదట చూడాల్సింది పైకి కనిపించే సొట్టలు కాదు. తాకిడి ఎంత దూరం వెళ్ళి ఆగింది అన్నది. బాబాయ్ టార్చిలైటు నా చేతికిచ్చి, "పెయింటు ఎక్కడ చిట్లిందో చూడు, అతుకుల మీద సీలెంటు ఎక్కడ పగిలిందో చూడు. ఇనుము ఎక్కడ కదిలిందో అవే చెప్తాయి" అన్నాడు. బంపరు వెనకుండే అడ్డ కడ్డీ పూర్తిగా మడత పడిపోయింది. దాని వెనక రేడియేటర్ సపోర్టు ఎడమవైపు నలిగింది. అక్కడి నుంచి ఇంజను పక్కగా వెనక్కి వెళ్ళే ఇనుప దూలం, అంటే మెంబర్ మీద జానెడు దూరం దాకా పెయింటులో సన్నటి వెంట్రుక గీతలున్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. స్ట్రట్ (చక్రం కుదుపుల్ని ఆపే షాక్ కడ్డీ) బిగించే గుండ్రటి గూడు దగ్గర సీలెంటు చెక్కుచెదరలేదు. తలుపుల చుట్టూ సందు పైనుంచి కింది దాకా ఒకేలా ఉంది. రూఫు మీద, తలుపుల మధ్య నిలువు పిల్లరు పైన చెయ్యి ఆనించి మెల్లగా జరిపితే ఎక్కడా ఎత్తుపల్లాలు తగల్లేదు. నాలుగు తలుపుల ఖాళీల్లోనూ మూల నుంచి మూలకి టేపు పట్టి, కుడిని ఎడమతో పోల్చి చూశాం. సరిపోయాయి. మనుషులు కూర్చునే భాగం కదల్లేదు. అక్కడ ఏమాత్రం తేడా వచ్చినా ఈ టపా వేరేగా ఉండేది, కారు ఈపాటికి తుక్కు బండి మీద ఉండేది.

బాబాయ్‌కి ఒక నియమం ఉంది. వంగినదాన్ని లాగొచ్చు, మడత పడినదాన్ని మార్చాల్సిందే. ఒక తీగని ఒకేచోట వంచి, మళ్ళీ తిన్నగా చేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అక్కడ దాని సత్తువ పోయి ఉంటుంది. అడ్డ కడ్డీ, రేడియేటర్ సపోర్టు మడత పడ్డాయి కాబట్టి వాటి జోలికే పోలేదు, కొత్తవి తెప్పించాడు. మెంబర్ మీద మడత లేదు, కొద్దిగా లోపలికి వంగింది అంతే. దాన్ని లాగాలి.

స్ట్రట్ గూడు మీది బోల్టు దగ్గర టేపు ఒక కొస పెట్టి, ఎదురు మూలన మెంబర్ చివర ఉన్న బోల్టు రంధ్రం దాకా కొలిచాం. ఎడమ గూడు నుంచి కుడి కొసకి, కుడి గూడు నుంచి ఎడమ కొసకి. రెండింటికీ పదకొండు మిల్లీమీటర్ల తేడా. బాబాయ్ గొలుసు తగిలించి హైడ్రాలిక్ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. గొలుసు బిగుసుకుంటుంటే ఇనుము కిర్రుమని చప్పుడు చేసింది, నా గుండె ఒక్కసారి ఆగినంత పనయింది. ఆయన ఏమాత్రం తొందరపడలేదు. కొంచెం లాగడం, ఆపడం, లాగుతున్న ఒత్తిడి మీదే ఉంచి చుట్టూ చిన్న సుత్తితో తట్టడం, గొలుసు వదులు చెయ్యడం, కొలవడం. వదిలినప్పుడల్లా ఇనుము కాస్త వెనక్కి పోతుంది. అందుకని కావాల్సినదాని కన్నా ఒక పిసరు ఎక్కువే లాగాలి. ఎక్కువ లాగితే మళ్ళీ వెనక్కి నెట్టాలి, అది ఇంకా చేటు. పనిలో చేరి కొన్నాళ్ళే అయిన కుర్రాడు గ్యాసు మంట పెడితే తొందరగా వస్తుంది కదా అన్నాడు. బాబాయ్ కోప్పడలేదు. గట్టి ఉక్కుని ఎర్రగా కాలిస్తే మెత్తబడిపోతుందని, ఇంకోసారి గుద్దుకుంటే అది నలగాల్సిన తీరులో నలగదని ఓపిగ్గా చెప్పాడు. మధ్యాహ్నానికి తేడా రెండు మిల్లీమీటర్లకి దిగింది. మూడు లోపుంటే కారు తయారీ కంపెనీ వాళ్ళ కొలతల్లోనూ సరేనంటారట. టేపు నేనే పట్టుకుని మరోసారి కొలిచి, ఫోటో తీసుకున్నాను.

కొత్త సపోర్టు వెల్డింగు రేపు. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీసేస్తారు, అతుకు పడే చోట జింకు ప్రైమరు పూస్తారు, అంతా అయ్యాక అతుకుల మీద సీలెంటు, లోపలి బోలు భాగాల్లో మైనం లాంటి పూత కొడతారు. ఆ లోపలి పూత ఎవరికీ కనిపించదు. కానీ అది లేకపోతే రెండు వానాకాలాలు తిరిగేలోపు వెల్డింగు దగ్గరే తుప్పు మొదలవుతుంది. అందుకే అది కొట్టేటప్పుడు దగ్గరుంటానని చెప్పాను.

ఇక నేను అస్సలు వెనక్కి తగ్గని సంగతి సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు. ఎయిర్‌బ్యాగు ఒకసారి తెరుచుకుంటే దాని పని అంతటితో సరి. అది పేలినప్పుడు ముందు సీట్ల బెల్టుల్లో ఉండే కొద్దిపాటి పేలుడు మందు కూడా పేలి బెల్టుని ఒక్క లాగు లాగి మనిషిని సీటుకి అదుముతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచే లోపు జరిగిపోతుంది. డ్రైవరు బెల్టుని పూర్తిగా బయటికి లాగి చూశాను. భుజం పక్కన అది తిరిగే ప్లాస్టిక్ రింగు మీద రాపిడి వేడికి కరిగిన చార ఉంది. బెల్టు నేతలో బెత్తెడు మేర మెరుపు వచ్చి, పట్టుకుంటే గరుకుగా బిరుసుగా తగులుతోంది. ఒక మనిషి బరువుని ఆ బెత్తెడు నేతే ఆపింది. ఆ బెల్టుని ఇంకోసారి నమ్మి ఇంకో మనిషికి కట్టలేను. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ బెల్టులూ మార్చమన్నాను.

ఈ మధ్య ఎవరో తెలిసినవాళ్ళు తుక్కు కార్ల నుంచి తీసిన ఎయిర్‌బ్యాగు చవగ్గా దొరుకుతుందని చెప్పారు. తలుపులు, ఫెండర్లు, హెడ్‌లైట్లు అలా తెచ్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మా ఎడమ ఫెండర్ అలా తెచ్చిందే, రంగు వేశాక తేడా తెలియదు. ఎయిర్‌బ్యాగు మాత్రం వద్దన్నాను. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (ఎయిర్‌బ్యాగులోకి గ్యాసు నింపే డబ్బాల్లో) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి ఎండకీ తేమకీ పాడైపోయి, పేలినప్పుడు ఇనుప డబ్బాని ముక్కలు చేసి మనుషుల మీదికే విసిరింది. ప్రాణాలు పోయాయి. ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో కార్లని వెనక్కి పిలిపించారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఏ కారులోంచి ఊడదీశారో, ఎన్ని ఎండలు తిన్నదో తెలియని ఎయిర్‌బ్యాగుని పిల్లల ముందు పెట్టను. కొత్తవే, కారు తయారీ కంపెనీవే. వాటిని నడిపే కంట్రోల్ యూనిట్ కూడా కొత్తదే.

ఇక్కడొక మోసం గురించి కూడా రాసుకోవాలి. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు లైటు కాసేపు వెలిగి ఆరిపోవాలి. కొందరు లోపల ఎయిర్‌బ్యాగే లేకుండా పై మూత అతికించి, ఆ లైటు ఆరిపోయేలా వైరింగులో చిన్న రెసిస్టర్ పెట్టి అమ్మేస్తారు. కొన్నవాడికి అది తెలిసేది మళ్ళీ గుద్దుకున్నప్పుడే. ఇది దొంగతనం కన్నా నీచం, నాకు వేరే మాట రావడం లేదు. పాత కారు కొనేవాళ్ళు దయచేసి స్కానరు పెట్టించడంతో పాటు, తెలిసిన మెకానిక్‌తో మూత విప్పించి కూడా చూసుకోవాలి, లైటుని మాత్రమే నమ్మొద్దు.

సాయంత్రం చిన్న పనులు. ఏసీ కండెన్సర్ పగిలి గ్యాసు పోయింది కాబట్టి తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాలి, పైపులు అన్నాళ్ళు తెరిచి ఉన్నాయి మరి. వ్యాక్యూమ్ పట్టాక గ్యాసు ఎక్కిస్తారు. రంగు సంగతి బాబాయ్ చూసుకుంటాడు. ఎండకి వెలిసిన పాత రంగుకి కొత్త డబ్బా రంగు కలవదు, పక్క తలుపు మీదికి కాస్త జరిపి కలపాలన్నాడు. నాకు రంగు గురించి బెంగ లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి ఫోటోలన్నీ చూపించాను. టేపు మీద అంకెలు, చెక్కుచెదరని సీలెంటు, ఆ బెల్టు మీది చార. ఆ చార దగ్గర చాలాసేపు ఆగింది. "బెల్టులు కొత్తవి వచ్చాక, చక్రాల ఎలైన్‌మెంటు రిపోర్టు వచ్చాక అప్పుడు చెప్తాను" అంది. అదీ న్యాయమే. కొలతలు సరిపోయినా ఎడమ చక్రం క్యాంబర్ (నిలువుగా చూస్తే చక్రం ఒరిగే వాలు) కుడిదానితో కలవకపోతే స్ట్రట్టో, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మో వంగిందని అర్థం, అవీ మార్చాలి.

బిల్లులు, ఫోటోలు అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెడుతున్నాను. మళ్ళీ రోడ్డెక్కే ముందు తనిఖీలో అడుగుతారు, కొత్త పాలసీ ఇచ్చేవాళ్ళూ అడుగుతారు. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే టోటల్ లాస్ అయిన సంగతి మొదటి మాటగా చెప్పి ఈ ఫైలు చేతిలో పెడతాను. రేపు పొద్దున్నే బెల్టుల పార్టు నంబర్లు ఛాసిస్ నంబరుతో సరిచూసి ఆర్డరు పెట్టాలి. వెనక మధ్య సీటు బెల్టుది వేరే నంబరట, అది కూడా అడగాలి.