మూసుకుపోయిన స్థితుల్లో యంత్రంతో ఆట: నా అభ్యాస వివరాలు

మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన పాత చదరంగ పోటీలను వరుసగా బల్ల మీద ఆడి చూస్తున్న ఈ అభ్యాసంలో, 1997 నాటి డీప్ బ్లూ (ఐబీఎం చదరంగ కంప్యూటర్) పోటీని ముగించి, 2003 నవంబరులో అదే న్యూయార్క్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఎక్స్3డి ఫ్రిట్జ్ అనే చదరంగ ప్రోగ్రాముతో ఆడిన నాలుగు ఆటల దగ్గరికి వచ్చాను. డీప్ బ్లూ 3.5–2.5తో గెలిచిన పోటీకే పేరు ఎక్కువ. అయినా ఆనాటి యంత్రాలు ఎక్కడ తడబడేవో తెలుసుకోవాలనుకునేవారికి, 2–2తో సమంగా ముగిసిన ఈ పోటీలోని మూడో ఆటే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

తెల్ల పావులతో కాస్పరోవ్ ఆరో ఎత్తులోనే బంటును సీ5కు (సీ నిలువు వరుసలోని ఐదో గడికి) తోసి, పన్నెండో ఎత్తులో మరో బంటును బీ6కు చేర్చి, మంత్రి వైపును (బల్లలో మంత్రి ఉండే సగాన్ని) దాదాపుగా బిగించేశాడు. బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి నిలిచిపోవడంతో పావులు కొట్టుకునే సందర్భాలే అరుదయ్యాయి; లెక్కలో అంత బలమున్న ప్రోగ్రాముకు లెక్కించదగినది పెద్దగా మిగలలేదు. నల్ల పావులకు సహజమైన దారి, ఎఫ్6లోని గుర్రాన్ని తప్పించి, ఎఫ్ బంటును నడిపించి, రాజు వైపు దాడికి దిగడం. అయితే దాని ఫలం ఎన్నో ఎత్తుల తరువాత గాని అందదు కనుక అది యంత్రం చూపుకు ఆనలేదు. అది శకటును డీ6కు పంపి, మరుసటి ఎత్తులోనే ఈ7కు వెనక్కి తెచ్చుకుంది. వెంటనే కాస్పరోవ్ గుర్రం ఏ5లోని బంటును తీసుకుంది. 45 ఎత్తులకు ఆట కాస్పరోవ్‌దైంది.

ఈ స్థితిని ఇంట్లో ఆడి చూడదలచినవారికి ఇంజను (చదరంగం ఆడే ప్రోగ్రాము) ఎంపికే ముఖ్యం. స్టాక్‌ఫిష్ అనే ఇంజనులో ఎలో (ఆట బలాన్ని సూచించే అంకె) పరిమితి పెడితే అది చాలాసేపు చక్కగా ఆడి, మధ్యలో ఉద్దేశపూర్వకంగా బలహీనమైన ఎత్తు ఎంచుకుంటుంది. అది ఆనాటి ఫ్రిట్జ్ బలహీనత కాదు. 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షను నుంచి స్థితిని అంచనా వేసే పనిలో ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ చేరింది కాబట్టి, లోతు (ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలన్నది) తగ్గించినా ఆ అంచనాలోని పరిజ్ఞానం అలాగే ఉంటుంది. అందువల్ల మనుషులు రాసిన సూత్రాలతోనే అంచనా వేసే 11వ వెర్షనును దించుకుని, ఇంజన్లతో ఆడేందుకు వాడే క్యూట్ చెస్ ప్రోగ్రాములో లోతును ఎనిమిది అర ఎత్తులకు (ఒక్కో పక్షం వేసే ఒక్కో ఎత్తు ఒక అర ఎత్తు) పరిమితం చేసి, ఓపెనింగ్ పుస్తకాన్ని (ముందే నిల్వచేసిన ఆరంభ ఎత్తులను) తీసేసి, నల్ల మంత్రి డీ8కు తిరిగివచ్చిన పన్నెండో ఎత్తు తరువాతి స్థితి నుంచి తెల్ల పావులతో ఆడుతున్నాను. పావులు కొట్టుకునే అవకాశం రాగానే ఈ ఇంజను నన్ను సులువుగా దాటిపోతుంది; కాబట్టి ఏ బంటును మార్చుకోవాలన్నా ముందు ఏయే వరుసలు తెరుచుకుంటాయో కాగితం మీద రాసుకుంటున్నాను. ఈ ఒక్క అలవాటు వల్లే నా ఆట ఎక్కువగా మెరుగుపడింది.

ఆట ముగిశాక కొత్త స్టాక్‌ఫిష్‌తో, మూడు ప్రత్యామ్నాయ ఎత్తులు చూపేలా అమర్చి, పరిశీలన చేస్తున్నాను.

తరువాత 2005లో లండన్‌లో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌పై హైడ్రా అనే చదరంగ కంప్యూటర్ 5.5–0.5తో గెలిచిన ఆరు ఆటలను తీసుకుంటాను. అక్కడ ఆడమ్స్ డ్రా చేసుకోగలిగిన ఒక్క ఆటతోనే మొదలుపెట్టాలని ఉంది.