చలిపొద్దున వేణువు శ్రుతి ఎందుకు దిగుతుంది

దోనె వేసుకుని రెండు రోజులు నీటి ఒడ్డున గుడారంలో ఉండొద్దామనుకునే విశాఖ సంగీతం వాళ్లకి మొదటి మాట: కచేరీ వేణువు ఇంట్లోనే ఉంచండి. పీవీసీ పైపు వేణువు చాలు. అవమానంగా అనిపిస్తే, పగిలినా ఏడుపు రాని పాత వెదురుది తీసుకెళ్లండి.

అసలు చిక్కు శ్రుతితో. గాలి చల్లబడితే అందులో ధ్వని వేగం తగ్గుతుంది, వేణువు శ్రుతి దిగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు. (స్థలాల సెంట్లు కావు లెండి, పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు.) నగరంలో 28 డిగ్రీల గదిలో సరిపోయిన వేణువు, కొండవారన 12 డిగ్రీల తెల్లవారుజామున లెక్క ప్రకారం 48 సెంట్లు తక్కువ పలకాలి. ఊదుతుంటే ఊపిరి వెచ్చదనానికి కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు. పక్కన వయొలిన్ ఉంటే ఇంకా తమాషా: చలికి ఉక్కు తీగ బిగుసుకుని శ్రుతి పైకెళ్తుంది. మంచుకి తడిసిన మృదంగం తోలు కిందికి జారుతుంది. ఫోన్‌లో తంబురా ఒక్కటే కదలదు.

అక్కడే చాలామంది తప్పుచేస్తారు. తంబురాని అందుకోవాలని వేణువుని బయటికి తిప్పి ఊదుతారు. రెండు రోజులకే పెదవికి ఆ అలవాటు పడి, ఇంటికొచ్చాక గాంధారం (గ స్వరం) ఎక్కువ పలుకుతుంది. పది నిమిషాలు మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఊది వేణువు వెచ్చబడ్డాక, తంబురానే దానికి తగ్గట్టు దించుకోండి.

ఆరుబయట గోడలుండవు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) చివర పట్టుకునే ప్రతిధ్వనీ ఉండదు. నాదం చాలడంలేదని గట్టిగా ఊదితే స్వరం పై స్థాయికి ఎగురుతుంది. గాలికి వీపు పెట్టి కూర్చోండి, ఎదురుగాలి ఊదే రంధ్రం మీదుగా వెళ్తే నాదమే పుట్టదు. కొత్త పల్లవి కట్టాలని వెళ్లేవాళ్లకి సాధారణంగా ఏమీ తట్టదు. షడ్జమం (స స్వరం) వణక్కుండా నిలిపితే ఆ పూటకి చాలు.

తెడ్డు వేశాక వేళ్లు బిగుసుకుంటాయి. భుజం, నడుము తిప్పి లాగాలి, పై చేతి పట్టు వదులుగా ఉండాలి. ఒడ్డు చేరిన గంట వరకు వేణువు ముట్టకండి.

ఇక సంచి. నీరు చొరని సంచి మూతిని మూడు మడతలు వేసి బిగిస్తే బయటి తడి లోపలికి రాదు, కానీ లోపలి ఊపిరి తడి కూడా బయటికి పోదు. బూజు పట్టేది అందుకే. సన్నని పుల్లకి నూలుగుడ్డ చుట్టి లోపల తుడిచి, ఇరవై నిమిషాలు నీడలో ఆరనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి అప్పుడు పెట్టండి. ఎండలోనూ నెగడు పక్కనా పెడితే ఒకవైపే త్వరగా ఆరి వెదురు చీలుతుంది. సంచిని దోనె అడ్డకర్రకి జానెడు తాడుతో కట్టండి. పొడవు తాడైతే దోనె బోల్తాపడ్డప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది. బరువైన నీళ్ల డబ్బాలు అడుగున, మధ్యలో. లైఫ్ జాకెట్ ఒంటి మీదే.

గోస్తనీ నది మీది తాటిపూడి లాంటి జలాశయమైతే దోనెకీ రాత్రి బసకీ ముందే అనుమతి అడగాలి. ఆ గోస్తనీ నీరే విశాఖ కుళాయిల్లోకి వస్తుంది, గిన్నెలు కడిగిన నీళ్లు గట్టుకి దూరంగా పొయ్యండి. తెల్లవారుజామున నీటి మీది చల్లగాలి, పైనున్న వెచ్చగాలి కలిసి నాదాన్ని కిందికి వంచుతాయి, అవతలి ఒడ్డు దాకా వినిపిస్తుంది. అక్కడ నిద్రపోయేవాళ్లుంటే తారస్థాయి (పై స్థాయి స్వరాలు) ఎండెక్కాకే.