ముసాషి కోసం వెళ్తే ద్వీపం కాదు, గుహ చూడాలి

గన్‌ర్యూజిమా చూశాక నాకు కోపమొచ్చింది. జపాను కత్తివీరుడు మియమోతో ముసాషి పోరాడిన దీవి అది. షిమొనొసెకిలో కరాతో రేవు నుంచి పడవ పది నిమిషాల్లో అక్కడ దించేస్తుంది. దిగిన జనం తిన్నగా రెండు విగ్రహాల దగ్గరికి నడుస్తారు. ముసాషితో ఒకటి, ఆయన ప్రత్యర్థి కొజిరోతో ఒకటి ఫొటో దిగుతారు, తిరుగు పడవ కోసం గడియారం చూసుకుంటారు. పడవ టికెట్టు డబ్బుల సంగతి అలా ఉంచితే, మియమోతో ముసాషి అనగానే ఆ ఒక్క పోరాటమే గుర్తొచ్చేలా దీవిని తీర్చిదిద్దడం నాకు మింగుడు పడలేదు. అప్పటి జపాను లెక్కన అరవై రెండేళ్లు బతికిన మనిషిని ఒక్క పూటలో ఇరికించేశారు.

కథ అందరికీ తెలిసిందే. 1612లో ఇక్కడ ససాకి కొజిరోతో ద్వంద్వయుద్ధం జరిగింది. ముసాషి కావాలనే ఆలస్యంగా వచ్చాడని, పడవ తెడ్డును చెక్కి కత్తిగా చేసుకున్నాడని, ఒక్క దెబ్బతో తేల్చేశాడని చెబుతారు. అయితే జలసంధికి అవతల కొకురాలో, తముకెయమా కొండ మీద, ఒక శిలాశాసనం ఉంది. ముసాషి పెంపుడు కొడుకు ఇయోరి 1654లో, అంటే తండ్రి పోయిన తొమ్మిదేళ్లకు, దాన్ని నిలబెట్టించాడు. నాలుగున్నర మీటర్ల ఎత్తు రాయి, దాని నిండా వెయ్యికి పైగా అక్షరాలు. ఇద్దరూ ఒకే సమయానికి ఎదురుపడ్డారనే అందులో ఉంది. ఆలస్యం ముచ్చట తర్వాతి తరాలవాళ్ల రాతల్లోకి ఎక్కింది. కొజిరోది మూడు షకుల కత్తి (సుమారు 91 సెం.మీ.), ముసాషిది చెక్క కత్తి అన్నంతవరకు శాసనంలోనూ ఉంది. ముసాషి మాత్రం కత్తి విద్య మీద రాసిన తన పుస్తకం గొరిన్ నో షోలో కొజిరో పేరే ఎత్తలేదు.

దీవికి వెళ్లక తప్పదనుకుంటే విగ్రహాల కన్నా నీళ్లు చూడండి. కన్‌మోన్ జలసంధిలో ప్రవాహం రోజుకు నాలుగుసార్లు దిక్కు మారుతుంది. అన్నిటికన్నా ఇరుకైన చోట వేగం పది నాట్ల దాకా పోతుంది. ఇప్పటి పెద్ద ఓడలే అక్కడ ఆచితూచి కదులుతున్నాయంటే, చెక్క పడవలో వచ్చేవాడు ఏ వేళకు బయల్దేరాలో ఎంత లెక్క చూసుకోవాలో అర్థమవుతుంది.

గుహ ఉన్నది కుమమోతోలో. కొకురా నుంచి అక్కడికి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో గంట కూడా పట్టదు. ఖర్చు దగ్గర మాత్రం జాగ్రత్త. దేశమంతటికీ చెల్లే జె.ఆర్. (జపాన్ రైల్వే సంస్థల) పాసు 2023 అక్టోబరులో ఒక్కసారిగా పెరిగింది. ఏడు రోజుల మామూలు పాసు 29,650 యెన్ల నుంచి 50,000 అయింది. కుమమోతో ఉన్న క్యూషూ దీవి ఒక్కటీ తిరగడానికి అది దండగ. క్యూషూ పాసు చవకే కానీ అందులో ఒక మెలిక ఉంది. కొకురా, హకతా మధ్య షింకన్‌సెన్ వేరే జె.ఆర్. సంస్థది, ఆ ముక్కకు ఈ పాసు చెల్లదు. సోనిక్ ఎక్స్‌ప్రెస్‌లో హకతా దాకా వెళ్లి అక్కడ షింకన్‌సెన్ ఎక్కితే అదనంగా కట్టక్కర్లేదు.

కుమమోతో కోట గురించి ఎక్కువ రాయను. 2016 ఏప్రిల్ భూకంపాల్లో గోడలు కూలాయి. ప్రధాన బురుజు బాగుచేసి 2021లో తెరిచారు, మిగతా పని 2052 దాకా సాగుతుందట. టికెట్టు 800 యెన్లు, ఇచ్చిన డబ్బుకు న్యాయమే. తిండి సంగతి మాత్రం చెప్పాలి. శాకాహారులకు ఇక్కడ కష్టమే. కూరగాయల ఉదోన్ (గోధుమ నూడుల్స్) అని తెప్పించుకున్నా ఆ రసం ఎండుచేపల నుంచి తీసిందే. కొంత ఊరట కరషి రెన్‌కొన్. తామరదుంప రంధ్రాల్లో ఆవపిండి కలిపిన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కూరి, పసుపు వేసిన పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. చల్లారాక చక్రాల్లా కోసి పెడతారు. పిండిలో గుడ్డు కలిపారేమో ముందే అడగాలి. కొరికితే కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పటిలా ఘాటు ముక్కులోకి కొడుతుంది. దీన్ని ఒంట్లో బాగుండని ప్రభువు హొసొకవా తదతొషి కోసం ఒక బౌద్ధ సన్యాసి చేయించాడని ఊరంతా చెబుతారు. 1640లో ముసాషిని ఈ ఊరికి రప్పించుకున్నది ఆ తదతొషే.

ఇక ముసాషి కూచుని ఆ పుస్తకం రాసిన గుహ. పేరు రెయిగన్‌దో. ఊరికి పడమట 665 మీటర్ల కిన్‌పో కొండ ఉంది, దానికి అవతలి వాలులో ఉంటుంది. సకురమాచి బస్ టెర్మినల్ నుంచి బస్సెక్కి ఇవాతో కన్నోన్ ఇరిగుచి స్టాపులో దిగాలి, అక్కణ్నుంచి ఇరవై నిమిషాల నడక. బస్సులు చాలా తక్కువ. ఒకటి తప్పిపోతే ఆ పూట పోయినట్టే, టాక్సీ అంటే జేబు ఖాళీ. కాబట్టి ఎక్కేముందే తిరుగు బస్సు వేళ రాసి పెట్టుకోవాలి. జపానంతా సుయికా కార్డు తాకించి తిరిగినవాళ్లకు ఇక్కడ పెద్ద చిక్కు ఎదురవుతుంది. పరికరాలు మార్చే ఖర్చు భరించలేక కుమమోతో బస్సు సంస్థలు 2024 నవంబరులో ఆ కార్డులు తీసుకోవడం మానేశాయి. నగదు ఇచ్చేటట్టయితే ఎక్కేటప్పుడు చిన్న నంబరు చీటీ లాక్కోవాలి. డ్రైవరు తలపైన బోర్డులో మన నంబరు కింద చార్జీ పెరుగుతూ పోతుంటుంది. దిగేటప్పుడు చీటీ, సరిపడా చిల్లర కలిపి పెట్టెలో వెయ్యాలి. చిల్లర లేకపోతే పక్కనే ఉన్న యంత్రంలో వెయ్యి యెన్ల నోటు మార్చుకోవచ్చు. పది వేల నోటు చేత పట్టుకుని అక్కడ నిలబడితే వెనక ముసలివాళ్ల వరస ఆగిపోతుంది. బండి నడుస్తుండగా లేవొద్దు, ఆగాకే లేవమని డ్రైవరు మైకులో చెబుతూనే ఉంటాడు.

కొండ దాటితే కమలా తోటలు, కింద అరియాకె సముద్రం. స్టాపు నుంచి దారి ఎత్తుకి పోతుంది. పైన ఉన్నది ఉన్‌గన్‌జెన్‌జి, జెన్ బౌద్ధంలో సోతో శాఖ గుడి. 14వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన తోర్యో ఎయియో అనే సన్యాసి స్థాపించాడు. ప్రవేశానికి 300 యెన్లు. చిన్న ప్రదర్శన గది దాటగానే రాతిగుట్ట వెంట సన్నటి దారి మొదలవుతుంది, పక్క వాలు నిండా ఐదు వందల అర్హతుల (బుద్ధుడి శిష్యుల) రాతిబొమ్మలు. ఊరి వ్యాపారి ఒకాయన 1779 నుంచి ఇరవై నాలుగేళ్ల పాటు చెక్కించాడు. చాలావాటికి తలలు లేవు. కొన్ని భూకంపాలకు పోయాయి, కొన్నిటిని మెయిజీ కాలంలో (1868–1912) బౌద్ధం మీద విరుచుకుపడ్డవాళ్లు విరగ్గొట్టారు. ముసాషి వచ్చేనాటికి ఇవేవీ లేవు, ఉత్త బండలూ చెట్లే. నాచు పట్టిన మెట్ల మీద తడి ఆకులు పేరుకుని ఉంటాయి. పట్టున్న బూట్లు లేకుండా వానాకాలంలో రావొద్దు.

గుహ నిజానికి పెద్ద బండ కింద తెరుచుకున్న గది. లోపల చెక్క జాలీ వెనక కరుణకు ప్రతీక అయిన బోధిసత్వం కన్నోన్ ప్రతిమ ఉంది. నాకు కళ్లలో పడింది నేల. ఒక మనిషి కూచుని రాసుకోవడానికి కావలసినంత చదును, బయటి వెలుగు చక్కగా పడుతుంది, వాన లోపలికి రాదు. 1643 పదో నెల పదో తేదీన, తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో, పుస్తకం రాయడం మొదలుపెట్టానని ముసాషే అందులో రాసుకున్నాడు.

అప్పటిదాకా ఏం చేశాడో కూడా అందులో నాలుగు మాటల్లో చెప్పుకున్నాడు. పదమూడో ఏట అరిమా కిహెయితో మొదటి పోటీ. పదహారో ఏట తజిమాలో అకియమా అనేవాణ్ని ఓడించాడు. ఇరవై ఒకటో ఏట క్యోతో చేరాడు. ఇరవై ఎనిమిది, తొమ్మిది వచ్చేసరికి అరవైకి పైగా పోటీలు, ఒక్కటీ ఓడలేదు. 1600లో సెకిగహరా యుద్ధం తర్వాత యజమానులు పోయిన సమురాయిలు దేశమంతా తిరుగుతున్న కాలమది. గెలుపు వార్త ఊరూరా పాకితేనే కొలువు దొరికేది.

నేను ఇంత దూరం వచ్చింది ఆ తర్వాతి మాట కోసం. ముప్ఫై దాటాక వెనక్కి చూసుకుంటే ఆ గెలుపులు విద్య పండి వచ్చినవి కావని తేలిందట. పుట్టుకతో వచ్చిన నేర్పో, దైవ సంకల్పమో, ఎదుటివాళ్ల విద్యలో లోపమో అయి ఉంటుందన్నాడు. అక్కణ్నుంచి పొద్దున సాయంత్రం సాధన చేసి, యాభై దగ్గరికి వచ్చేసరికి దారి చిక్కిందన్నాడు. అంటే దీవి మీద విగ్రహంగా నిలబెట్టిన మనిషికి, ఆయన మాట ప్రకారమే, ఇంకా విద్య రాలేదు. మిగతా ఇరవై ఏళ్లకు ఆ దీవిలో విగ్రహాలు లేవు.

ఆ ఇరవై ఏళ్లలో దేనిమీద పని చేశాడో పుస్తకంలో చాలా స్పష్టంగా ఉంది. గొరిన్ నో షోకు ఐదు భాగాలు: భూమి, నీరు, అగ్ని, గాలి, శూన్యం. మన పంచభూతాలే బౌద్ధంతో పాటు అక్కడిదాకా నడిచి వెళ్లాయి. నీటి భాగంలో అంతా ఒళ్లు, చెయ్యి, పాదం. పట్టు సంగతి తీసుకోండి. బొటనవేలు, చూపుడువేలు తేలికగా తేలుతున్నట్టుండాలి, నడివేలు బిగువూ వదులూ కాకుండా ఉండాలి, ఉంగరపువేలు, చిటికెనవేలు గట్టిగా బిగించాలి. కొత్తగా పట్టినవాళ్లు దీనికి తలకిందులుగా చూపుడువేలితో నొక్కుతారు. దాంతో మణికట్టు బిగుసుకుపోయి కత్తిమొన తిరగదు. అలా బిగిసిన చేతిని ఆయన చచ్చిన చెయ్యి అన్నాడు.

పాదాల దగ్గర కాలివేళ్లు కాస్త తేలాలి, మడమ గట్టిగా నేలను తొక్కాలి. గెంతే అడుగు, తేలిపోయే అడుగు, నాటుకుపోయే అడుగు మూడూ పనికిరావు. ఒక్క కాలే కదపడం తప్పు. నరికినా, వెనక్కి తగ్గినా, అడ్డుకున్నా కుడి ఎడమ రెండూ కదలాలి. నిలబడేటప్పుడు మెడ నిటారుగా, భుజాలు దించి, పొట్టను నడుముకున్న చిన్న కత్తి ఒరకు ఆనించాలి. అది మేకులా బిగిసి నడికట్టు జారదు. చూపులో రెండు రకాలు చెప్పాడు. లోపలిది గ్రహించే చూపు బలంగా, పైపైన చూసే చూపు బలహీనంగా ఉండాలి. ఎదుటివాడి కత్తి కదలిక తెలియాలి గానీ దాన్నే చూస్తూ కూచోకూడదు.

రెండు కత్తులు ఎందుకన్నదానికి ఆయన కారణం పూర్తిగా వ్యవహారం. ప్రాణం పోయేటప్పుడు నడుముకున్న ఆయుధాన్ని వాడకుండా పోవడం వృథా. పైగా గుర్రం మీద, బురదలో, రాళ్లదారిలో, జనం మధ్య, ఇంకో చేత విల్లో బల్లెమో ఉన్నప్పుడు పెద్ద కత్తిని ఒంటి చేత్తోనే తిప్పాలి. కుడిచేతి అలవాటు కోసమే ఎడమచేతికి చిన్న కత్తి. మొదట్లో బరువనిపిస్తుంది, ఏ ఆయుధమైనా మొదట అంతే అన్నాడు. ఇప్పటి కత్తి క్రీడ కెందోలో రెండు వెదురు కత్తులతో ఆడేవాళ్లకు పెద్దది 114 సెం.మీ., చిన్నది 62 సెం.మీ. దాటకూడదు. ఒంటికత్తి వాళ్లదైతే 120 దాకా ఉండొచ్చు. చేతి అలసటను చిన్న కత్తితో కప్పిపుచ్చుకుందామంటే కుదరదు. రెండు చేతులూ ఒకేసారి ఒకే వైపు పోవడం మొదలైతే ఎదుటివాడికి నడుమంతా ఖాళీ దొరుకుతుంది.

వేగం గురించి ఆయన చెప్పింది జిమ్‌లో చేరిన ప్రతివాళ్లూ చదవాలి. పెద్ద కత్తిని విసనకర్రలా, చాకులా వేగంగా ఆడిస్తే దాని దారి తప్పుతుంది, మనిషి తెగడు. మంచి వార్తాహరుడు రోజుకు నలభై యాభై రీలు (ఒక రీ దాదాపు నాలుగు కిలోమీటర్లు) పోతాడు, అలాగని పొద్దస్తమానం ఉరుకుతున్నట్టు కనిపించడు. వెయ్యి రోజుల సాధన కాచడానికి, పది వేల రోజుల సాధన సానపట్టడానికి అన్నాడు. పది వేల రోజులంటే ఇరవై ఏడేళ్ల పైమాటే. ముప్ఫై నుంచి తన బతుకు లెక్క చూసుకున్నట్టే ఉంది ఆ అంకె.

రాయడం మొదలుపెట్టేనాటికి ఒళ్లు బాగా పాడైంది. 1638లో షిమబరా రైతుల తిరుగుబాటు అణచడానికి వెళ్లి, కోట మీంచి విసిరిన రాయి కాలికి తగిలి నడవలేకపోయానని ఒక ఉత్తరంలో రాశాడు. ఓటమి ఎరగని మనిషికి దెబ్బ కొట్టింది ఒక రైతు రాయి. తదతొషి 1641లో పోయాడు. జబ్బు ముదిరాక ముసాషిని గుహ నుంచి ఊళ్లోకి తీసుకొచ్చారు. 1645 ఐదో నెల 12న పుస్తకం శిష్యుడు తెరావో మగొనొజోకి ఇచ్చాడు, అదే రోజున ఇరవై ఒక్క నియమాలు రాశాడు, 19న కన్నుమూశాడు. ఒంటి సుఖం కోసం ఎత్తులు వెయ్యను, చేసినదానికి విచారించను, రుచులకు ఆశపడను, బుద్ధుణ్నీ దేవుళ్లనూ గౌరవిస్తాను కానీ వాళ్లమీద ఆధారపడను లాంటివి. ఆయన చేత్తో రాసిన గొరిన్ నో షో ఇప్పుడు లేదు, ఉన్నవన్నీ నకళ్లే.

ఊళ్లో షిమాదా కళా మ్యూజియంలో ఆయనకు సంబంధించిన వస్తువులు, చిత్రాలు ఉన్నాయి. గుహ చూశాకే అక్కడికి వెళ్లండి, ముందు వెళ్తే అద్దాల వెనక వస్తువుల్లాగే కనిపిస్తాయి. ఎండుకొమ్మ చివర పిట్ట కూచున్న ఆయన సిరాబొమ్మ మాత్రం ఇక్కడ లేదు, ఒసాకా దగ్గర ఇజుమిలోని కుబొసో కళా మ్యూజియంది. ఆ పొడవాటి కొమ్మను ఒక్క విసురులో గీశాడు. చేతిలో కత్తి మారి కుంచె వచ్చిందే గానీ పట్టు అదే.

సమాధి ఊరికి ఈశాన్యంగా ముసాషిజుకాలో ఉందంటారు. ప్రభువుల ఊరేగింపు రాజధాని ఎదోకు (ఇప్పటి టోక్యో) వెళ్లే ఓజు రహదారి పక్కన కవచం తొడిగి, ఆయుధాలతో పాతిపెట్టమని కోరాడని స్థానికుల మాట. హోహి లైనులో ముసాషిజుకా అనే స్టేషనుంది, అక్కణ్నుంచి పార్కు నడిచే దూరమే. అసో అగ్నిపర్వతానికి వెళ్లే రైళ్లదీ అదే లైను. లోకల్ బండిలో బయల్దేరితే దారిలో దిగి చూసి, తర్వాతి బండి ఎక్కొచ్చు.